చందా కట్టిన పదకొండు మంది మృతులు

కరీంనగర్‌లో సహాయ కార్మిక కమిషనర్‌గా నేను బాధ్యతలు తీసుకున్నది తెలంగాణ రాష్ట్రం వచ్చాక రెండో పత్తి సీజన్ మొదలైన వారంలో. అంతకు ముందు పదహారేళ్లు సహాయ కార్మిక అధికారిగా దుకాణాలు, బీడీ కార్ఖానాలు, ఇటుక బట్టీలు తిరిగాను. జీతం సరిగ్గా ఇచ్చారా, బోనస్ ఇచ్చారా, సెలవుల రిజిస్టర్ ఉందా అని యజమానులను అడగడమే అప్పటిదాకా నా పని. కొత్త కుర్చీలో ఇంకో పని కూడా కలిసింది. కార్మిక సంఘాల పుస్తకాలు చూడటం.

ఆ పని గురించి బయటివాళ్లకు పెద్దగా తెలియదు కాబట్టి కాస్త చెబుతాను. చట్టం కింద రిజిస్టర్ అయిన ప్రతి సంఘం ఏటా ఏప్రిల్ నెలాఖరుకల్లా ఒక రిటర్న్ పంపాలి. సభ్యులు ఎంతమంది, చందా ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది, చేతిలో ఎంత మిగిలింది, పదవుల్లో ఎవరు మారారు, ఇవన్నీ అందులో ఉంటాయి. మాకు అనుమానం వస్తే పుస్తకాలు తెరిపించి చూస్తాం. రిటర్న్‌లో అబద్ధం రాసినట్టు తేలితే మా పైన ఉండే డిప్యూటీ కమిషనర్, ఆయనే మా ప్రాంతానికి రిజిస్ట్రార్ కూడా, రెండు నెలల గడువుతో నోటీసు ఇచ్చి సంఘం రిజిస్ట్రేషన్ రద్దు చేయవచ్చు. లెక్క రాసినవాళ్ల మీద కేసు కూడా పెట్టవచ్చు.

నాకు లెక్కలంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. అది మా నాన్న నుంచి, మేం పిలిచే బాపు నుంచి వచ్చింది. మా మెథడిస్టు చర్చిలో ఆయన చాలా ఏళ్లు కోశాధికారిగా ఉన్నాడు. ఆదివారం కానుకల సంచి ఇద్దరు సాక్షులు ఎదురుగా కూర్చుంటే తప్ప విప్పేవాడు కాదు. ఒకసారి సాక్షి రాక ఆలస్యమై అన్నం చల్లారిపోతుంటే అవ్వ, అంటే మా అమ్మ, ఎంత కోప్పడినా ఆ సంచి ముడి తీయలేదు. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని కావడంతో సంఘాల పుస్తకాలు చూసే పని వచ్చినప్పుడు నాకు ప్రమోషన్ కన్నా అదే ఎక్కువ సంబరంగా అనిపించింది.

చేరిన మూడో వారంలోనే జమ్మికుంట నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. అక్కడి పత్తి మార్కెట్ యార్డులో రెండు హమాలీ సంఘాలు పనిచేసేవి. పెద్ద సంఘం మీద చిన్న సంఘం పంపిన ఫిర్యాదు అది. పెద్ద సంఘం రిటర్న్‌తో జతచేసిన సభ్యుల జాబితాలో పదకొండు మంది చనిపోయినవాళ్లే ఉన్నారని, అయినా ప్రతి నెలా వాళ్ల పేరు మీద చందా రసీదులు తెగుతున్నాయని, వాళ్ల పేరు మీద కూలి కూడా తీస్తున్నారని, అదంతా కోశాధికారి మల్లయ్య తింటున్నాడని రాశారు. నాలుగు మరణ ధ్రువపత్రాల నకళ్లు కూడా జతచేశారు.

ఆ కాగితాలు రెండుసార్లు చదివాను. దాచుకోవడం ఎందుకు, నాకు పట్టరాని హుషారు వచ్చింది. పదహారేళ్ల సర్వీసులో ఇంత నేరుగా పట్టుబడే మోసం నా చేతికి రాలేదు. డిప్యూటీ కమిషనర్ గారు మాత్రం నిదానంగా చదివి, పదిహేను రోజుల్లో తనిఖీ ముగించి నోట్ పెట్టమన్నారు. తొందరకు కారణం కూడా చెప్పారు. బస్తాకు హమాలీ రేటు ఎంత అన్నది ఖరీదుదారులు, మార్కెట్ కమిటీ, సంఘం కలిసి కూర్చుని తేల్చే చర్చ వచ్చే నెలలో ఉంది. నోటీసు అందుకున్న సంఘాన్ని ఆ చర్చకు పిలవడానికి ఎవరూ ఇష్టపడరు. సంఘం తప్పు చేసి ఉంటే చర్చకు ముందే తేలాలి, చేయకపోతే కూడా ముందే తేలాలి అన్నారు.

సంఘం ఆఫీసంటే యార్డు గోడకు ఆనుకుని ఉన్న ఒక రేకుల గది. మల్లయ్య గడప దగ్గర నిలబడి ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ముప్పై ఏళ్లుగా హమాలీ. మెడ ఒక పక్కకు కొద్దిగా ఒరిగి ఉండేది. ఏడో తరగతి దాకా చదివాడట, జట్టులో అంతకన్నా చదివినవాళ్లు లేకపోవడంతో లెక్కలు ఆయన మీద పడ్డాయి. నేను అడగకముందే పుస్తకాలన్నీ బల్ల మీద పేర్చాడు. చందా రసీదు పుస్తకాలు, నగదు పుస్తకం, మినిట్స్ పుస్తకం, ఈ మూడూ చట్టం అడిగేవి. నాలుగోది చట్టం అడగనిది. పొడుగాటి నోటుబుక్కు, అట్ట మీద 'పంపకాలు' అని రాసి ఉంది.

రాత ముత్యాల్లా ఉంది. కొట్టివేతలు దాదాపు లేవు. అలాంటి పుస్తకం చూస్తే నాకు రెండు రకాల ఆలోచనలు వస్తాయి. ఒకటి, రాసినవాడు శ్రద్ధగలవాడు. రెండు, మొత్తం ఒకే రోజు కూర్చుని రాసేశాడు. ఆ రోజు నేను రెండోదే నమ్మాను. నా నోట్‌ప్యాడ్‌లో రెండు చోట్ల ఎర్ర గుర్తు పెట్టుకున్నాను. ఒకటి, కిందటి వేసవిలో ఒక నెల పేజీ మొత్తం ఖాళీ, పైన నెల పేరు రాసి అడ్డంగా ఒక గీత గీసి ఉంది. రెండు, పంపకాల పుస్తకంలో జంగు అనే పేరు ఎదురుగా 1840 అని రాసి, కొట్టేసి, 1480 అని దిద్ది ఉంది. జంగు అనే ఆ మనిషి ఫిర్యాదులోని పదకొండు మందిలో ఒకడు.

జంగు బతికున్నాడా అని అడిగాను.

"లేడు మేడం. పోయిన యాడాది ఆషాఢంల జ్వరమొచ్చి పోయిండు" అన్నాడు మల్లయ్య. తడుముకోలేదు.

మరి కిందటి నెల ఆయన పేరు మీద చందా ఎవరు కట్టారని అడిగాను.

"ఆయన వాటాలకెల్లే కట్టిండు."

నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. పదకొండు పేర్లూ వరసగా అడిగాను. పదకొండింటికీ అదే జవాబు. మనిషి లేడు, చందా మాత్రం అతని వాటాలోంచే వచ్చింది. వాటా ఎవరు తీసుకున్నారో పంపకాల పుస్తకంలో సంతకం గానీ వేలిముద్ర గానీ లేదు. పుస్తకం జిరాక్సు తీయించి, తీసుకున్నట్టు రాసిచ్చి లేచాను. ఆయన గడప దాకా వచ్చి, రేపు మూడు గంటలకు యార్డులో పంపకం ఉంటుంది, అది చూసి పొమ్మన్నాడు. చూస్తానని చెప్పి బస్సెక్కాను గానీ నా మనసులో తీర్పు అప్పటికే అయిపోయింది.

ఆ సాయంత్రమే ఆఫీసులో కూర్చుని నోట్ రాశాను. మా దగ్గర ప్రతి ఫైలుకు రెండు భాగాలుంటాయి, ఒక భాగంలో ఉత్తరాలు, ఇంకో భాగంలో మేము రాసే అభిప్రాయాలు. అభిప్రాయాల పేజీలకు నంబర్లుంటాయి, ఒకసారి రాసి సంతకం పెట్టాక చించడానికి వీల్లేదు. తొమ్మిదో పేజీలో నేను రాసింది ఇది: మృతుల పేరుతో దొంగ సభ్యత్వం నిరూపణ అయింది, కోశాధికారి వాటాలు సొంతానికి వాడుకున్నట్టు స్పష్టమవుతోంది, రద్దు నోటీసు ఇవ్వవచ్చు, కేసుకు అనుమతి ఇవ్వవచ్చు. సంతకం పెట్టి తేదీ వేశాను. ఇంటికి పోతూ మిఠాయి కూడా కొనుక్కున్నాను.

మర్నాడు మూడింటికి యార్డులో ఉన్నాను. సీజన్ ఊపు మీద ఉంది. ఎటు చూసినా పత్తి కుప్పలు, ట్రాలీలు, గాలిలో తేలే పోగులు. సాయిలు అనే ఆయన జట్టు తూకం పని ముగించి నీడకు వచ్చింది. జట్టు పెద్దను అక్కడ ముకద్దం అంటారు. ఖరీదుదారుల నుంచి వచ్చిన కూలి డబ్బంతా ముకద్దం దగ్గరకు వస్తుంది, ఆయన అందరికీ సమానంగా పంచాలి. ఒక గోనెపట్టా పరిచి దాని మీద నోట్లు కుప్పలుగా పెట్టడం మొదలుపెట్టాడు. జట్టులో మనుషులు పద్నాలుగు మంది. నేను లెక్కపెట్టాను, కుప్పలు పదిహేను.

తర్వాత ఒక్కొక్కరి పేరు పిలిచాడు. పిలిచిన మనిషి 'ఉన్న' అని వచ్చి తన కుప్ప తీసుకుంటున్నాడు. ఎనిమిదో పేరుగా జంగును పిలిచాడు. కుప్ప దగ్గరికి ఎవరూ రాలేదు. అప్పుడు జట్టంతా ఒకే గొంతుతో అంది.

"ఉన్నడు."

ఆ కుప్పలోంచి సాయిలు చందా డబ్బు తీసి పక్కన పెట్టి, మిగిలింది ఒక కాగితంలో చుట్టి మల్లయ్య చేతికిచ్చాడు. పిలుపు తొమ్మిదో పేరుకు పోయింది. మల్లయ్య నన్ను ఆటపట్టించలేదని, ఆయన చెప్పింది అక్షరాలా జరుగుతున్నదే అని అప్పుడు అర్థమైంది.

తర్వాత సాయిలు, మల్లయ్య కలిసి సంగతి వివరించారు. హమాలీ చనిపోతే అతని స్థానం వెంటనే పోదు. కొడుకు బస్తా మోసే వయసుకు వచ్చేదాకా, కొడుకు లేకపోతే మూడు సీజన్ల దాకా, అతని వాటా జట్టు పంచుతూనే ఉంటుంది. అది ఇంటికి పోతుంది. వాళ్ల తాతల కాలం నుంచి ఉన్న పద్ధతి. సంఘం పెట్టుకున్నప్పుడు నియమావళిలో ఒక మాట రాసుకున్నారు, సభ్యుడు కానివాడికి వాటా లేదని. బయటివాళ్లు జొరబడకుండా రాసుకున్న మాట అది. ఆ మాట తప్పకూడదని చనిపోయినవాళ్లను కూడా సభ్యులుగానే ఉంచారు. సభ్యుడన్నాక చందా కట్టాలి కాబట్టి వాటాలోంచి చందా కోశారు. కోశాక రసీదు ఇవ్వాలి కాబట్టి రసీదు రాశారు. జాబితా పంపేటప్పుడు చందా కట్టినవాళ్ల పేర్లన్నీ రాశారు. సొంత నియమాన్ని ఒక్క అడుగు కూడా దాటకుండా నడుచుకుంటూ వచ్చి నేరుగా చట్టం గోతిలో పడ్డారు. నియమం మీద ఇంత గౌరవం ఉన్న సంఘాన్ని నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

కథ బాగుంది. కథ బాగున్నంత మాత్రాన లెక్క సరిపోదు. జంగు డబ్బు మల్లయ్య చేతికి పోవడం నేను కళ్లారా చూశాను. అక్కడి నుంచి ఎటు పోయిందో చూడలేదు. తొమ్మిదో పేజీ నా మెడకు చుట్టుకుని ఉంది, అది నిజమో కాదో తేల్చుకోవాల్సింది నేనే. పైగా ఇప్పుడు మల్లయ్య ఒక్కడి సంగతి కాదు. నోటీసు పడితే సంఘం పోతుంది, సంఘం పోతే పదకొండు ఇళ్లకు పోయే వాటాలు ఆగిపోతాయి.

రెండు రోజుల్లో పది ఇళ్లు తిరిగాను. జమ్మికుంటలో ఆరు, చుట్టుపక్కల ఊళ్లలో నాలుగు. ముందుగా కబురు పెట్టలేదు. ఆడవాళ్లను విడిగా కూర్చోబెట్టి ఏ నెల ఎంత వచ్చిందని అడిగాను. మొత్తాలు కొంచెం అటూ ఇటూగా చెప్పారు గానీ పదిళ్లకూ డబ్బు అందుతోంది. మిగిలింది జంగు ఇల్లు. ఆయన ఆదిలాబాద్ జిల్లా ఉట్నూర్ పక్క గూడెం మనిషి. పదేళ్ల కిందట పత్తి సీజన్‌కు వచ్చి జమ్మికుంటలోనే ఉండిపోయాడు. ఆయన పోయాక భార్య భీంబాయి సొంత ఊరికి వెళ్లిపోయింది. ఆ వైపు నుంచి వచ్చిన హమాలీలు ఇంకా ముగ్గురున్నారని, నెలకొకరు ఊరికి పోయేటప్పుడు వాళ్ల చేతికే డబ్బు ఇచ్చి పంపుతున్నానని మల్లయ్య చెప్పాడు. రసీదులు లేవు. చిన్న సంఘం వాళ్లు అదే పట్టుకున్నారు. ఆ ముగ్గురూ మల్లయ్య జట్టు మనుషులే, ఏం చెప్పమంటే అది చెబుతారని అన్నారు. వాళ్ల మాటలో తప్పేమీ లేదు.

మల్లయ్యను చివరిసారి అడిగాను, డబ్బు అందిందనడానికి ఏదైనా ఉందా అని.

"నా దగ్గెర ఏం లేదు మేడం. పైసలతోని చిట్టీ రాసి పంపుత. చదువు రాకున్నా పారెయ్యకు, పెట్టెల దాసుకొమ్మని చెప్పిన. దాసిందో లేదో నాకు ఎరుక లేదు" అన్నాడు. ఆయన గొంతులో మొదటిసారి దిగులు వినిపించింది.

ఉట్నూర్ మా పరిధి కాదు. ఆదిలాబాద్ ఆఫీసుకు ఉత్తరం పెట్టి, అనుమతి తెప్పించుకుని, అక్కడి సహాయ కార్మిక అధికారి ఒకరిని తోడు రమ్మని కోరాను. నాకిచ్చిన పదిహేను రోజుల్లో పది అప్పటికే అయిపోయాయి. పొద్దున్నే జగిత్యాల మీదుగా పోయే బస్సు ఎక్కితే నిలబడటానికి కూడా చోటు లేదు. కొండగట్టు దగ్గర సగం బస్సు దిగిపోయింది, అప్పుడు కిటికీ పక్క సీటు దొరికింది. జిరాక్సు కాగితాలు ఒళ్లో పెట్టుకుని లక్షెట్టిపేట దాకా వాటినే చూస్తూ పోయాను. జన్నారం దాటి అడవి మొదలయ్యాక కూడా బయటికి చూడలేదు. పరీక్ష రాయబోయే పిల్లలాగా ఉంది నా పరిస్థితి. మల్లయ్య దొంగ అయితే నా నోట్ నిలుస్తుంది. కాకపోతే పదకొండు ఇళ్లు నిలుస్తాయి. ఏది కోరుకుంటున్నావని ఆ బస్సులో ఎవరైనా అడిగి ఉంటే రెండోదని ధైర్యంగా చెప్పేదాన్ని. పూర్తిగా నిజం చెప్పినట్టు అయ్యేదా అంటే ఇప్పటికీ అనుమానమే.

ఉట్నూర్‌లో ఆదిలాబాద్ అధికారి ఎదురుచూస్తున్నాడు. జీపులో గూడేనికి పోయాం. భీంబాయి చేనులో పత్తి ఏరుతోంది. జమ్మికుంట నుంచి ఆఫీసరమ్మ వచ్చిందని చెప్పగానే ఒడిలో పత్తితోనే వచ్చి నిలబడింది. ముప్పై అయిదేళ్లుంటాయి. పదేళ్లు మా వైపు ఉన్న మనిషి కాబట్టి తెలుగు ధారాళంగా మాట్లాడింది.

"వాటా బందు జేసేతందుకు వచ్చిండ్రా?" అంది మొదటి మాటగా. "ఎడ్ల కిరాయి, ఇత్తనాలు అన్నీ గా పైసలతోనే. గీ ఒక్క పంట చేతికి వచ్చేదాంక ఆగుండ్రి."

ఆపడానికి రాలేదని, ఆపాలో వద్దో తెలుసుకోవడానికి వచ్చానని చెప్పాను. అబద్ధం చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. డబ్బుతో పాటు కాగితాలు ఏమైనా వచ్చేవా అని అడిగాను. ఆమె ఇంట్లోకి పోయి ఒక రేకు డబ్బా తెచ్చింది. ఆమె మూత తీసేలోపు నేను జిరాక్సులు నెలల వరసలో పేర్చుకున్నాను.

డబ్బాలో చిట్టీలు ఉన్నాయి. రబ్బరు బ్యాండు వేసి, వచ్చిన వరసలోనే. ప్రతి చిట్టీ మీద నెల, జట్టు పనిచేసిన రోజులు, వాటా, చందా కోత, పంపిన మొత్తం, కింద మల్లయ్య సంతకం. ఒక్కొక్కటి తీసి జిరాక్సు పక్కన పెడుతూ పోయాను. ఆదిలాబాద్ అధికారి అంకెలు చదువుతున్నాడు, నేను టిక్కు పెడుతున్నాను. ఒకటి సరిపోయింది. రెండు సరిపోయింది. తొమ్మిది దాకా రూపాయి తేడా లేదు.

జంగు పోయి అప్పటికి పదిహేడు నెలలు. చిట్టీలు లెక్కపెడితే పదహారే ఉన్నాయి.

నా ఉత్సాహమంతా ఒక్కసారి చప్పబడింది. ఒక చిట్టీ ఎక్కడైనా పడిపోయిందా అని భీంబాయిని అడిగాను.

"పడిపోలే. గా నెల పైసలే రాలే" అంది. "అడుగుదామంటే నాకు మొకం చెల్లలే. ఎన్నొద్దులని ఇస్తరు పాపం."

అంటే ఒక నెల డబ్బు మల్లయ్య దగ్గరే ఆగిపోయింది. ఆదిలాబాద్ అధికారి నా మొహం చూసి కళ్లు దించుకున్నాడు. ఏ నెల చిట్టీ లేదో చూశాను. కిందటి వేసవి. జిరాక్సులో ఆ నెల పేజీ తీశాను. పైన నెల పేరు, అడ్డంగా ఒక గీత, మిగతాదంతా ఖాళీ. మొదటి రోజే నేను ఎర్ర గుర్తు పెట్టిన పేజీ అది.

యార్డు నేలకు సిమెంటు పోయడానికి ఆ నెలంతా గేట్లు మూశారు. ఆ సంగతి నేను విన్నదే, ఈ ఖాళీ పేజీతో కలిపి చూసుకోలేదంతే. పది ఇళ్లు తిరిగినప్పుడు ముగ్గురు ఆడవాళ్లు ఆ నెల పస్తులున్నామని చెప్పారు కూడా. పని లేదు, కూలి లేదు, పంపకం లేదు. అందుకే పుస్తకంలో గీత, అందుకే డబ్బాలో చిట్టీ లేదు. ఒకే రోజు కూర్చుని దొంగ లెక్క రాసేవాడు పదిహేడు నెలలూ నింపేసి ఉండేవాడు. ఖాళీ వదిలేవాడు కాదు. నేను దొంగతనానికి గుర్తనుకున్న పేజీయే మల్లయ్య తరఫున సాక్ష్యం చెప్పింది.

ఇంకో ఎర్ర గుర్తు మిగిలి ఉందని అప్పుడు గుర్తొచ్చింది. గబగబా వెనక్కి తిప్పి ఆ నెల చిట్టీ వెతికాను. చిట్టీ మీద 1840 అని ఉంది. దాన్ని కొట్టేసి 1480 అని దిద్ది ఉంది. పుస్తకంలో జరిగిన పొరపాటే చిట్టీలోనూ జరిగింది, పుస్తకంలో దిద్దినట్టే చిట్టీలోనూ దిద్దాడు. నూట యాభై కిలోమీటర్ల దూరంలో రెండు కాగితాల మీద ఒకే కొట్టివేత. నేను నిజంగానే లేచి నిలబడి 'సరిపోయింది' అని గట్టిగా అన్నాను. ఒక గెజిటెడ్ అధికారి గూడెం మధ్యలో అలా అరవకూడదేమో గానీ ఆ ఆనందం నాకు ఉద్యోగంలో మళ్లీ అంతగా దొరకలేదు. మిగతా చిట్టీలు కూడా రూపాయి తేడా లేకుండా సరిపోయాయి. భీంబాయికి ఏమీ అర్థం కాలేదు. వాటా ఆగదా అని మళ్లీ అడిగింది. ఆగకుండా చూస్తానని చెప్పాను. ఆ మాట ఇచ్చే అధికారం నాకు లేదు, అయినా ఇచ్చాను.

తిరిగి వచ్చి కొత్త నోట్ రాశాను. అది ఫైలులో ముప్పై ఒకటో పేజీ. డబ్బు దుర్వినియోగం జరగలేదు, రిటర్న్‌లో పదకొండు పేర్లు తప్పు, ఆ తప్పు మోసం చేయాలని చేసింది కాదు అని తేల్చాను. డిప్యూటీ కమిషనర్ గారు రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చదివి నా వైపు చూశారు. చివరికి, మనుషులు మంచివాళ్లయినంత మాత్రాన చనిపోయినవాడికి సభ్యత్వం ఉండదని, జాబితా సరిచేయకపోతే నోటీసు తప్పదని చెప్పారు. దారి కూడా చట్టంలోనే దొరికింది. చనిపోయిన సభ్యుల మీద ఆధారపడినవాళ్లకు సంఘం నిధిలోంచి భృతి ఇవ్వడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఆ పదకొండు వాటాలూ ముందు నిధిలో జమ కావాలి, అక్కడి నుంచి కుటుంబ భృతి అనే పద్దు కింద ఇంటికి పోవాలి, తీసుకున్నవాళ్ల వేలిముద్ర ఉండాలి. దానికి సర్వసభ్య సమావేశం పెట్టి నియమావళి మార్చుకోవాలి, పదకొండు పేర్లు సభ్యుల రిజిస్టర్‌లో కొట్టేయాలి.

రేట్ల చర్చకు నాలుగు రోజుల ముందు యార్డులోనే సమావేశం పెట్టారు. నేను పరిశీలకురాలిగా కూర్చున్నాను. తీర్మానం చదవగానే గొడవ మొదలైంది. భృతి అంటే ఎవరికీ అభ్యంతరం లేదు, పేరు కొట్టేయడమే మింగుడు పడలేదు. పేరు కొట్టేస్తే రెండేళ్లలో మనిషిని మర్చిపోతారు, మనిషిని మర్చిపోతే వాటాను కూడా మర్చిపోతారు అని ముకద్దంలు ఒకరి తర్వాత ఒకరు లేచి అన్నారు. ఒక దశలో తీర్మానం వీగిపోతుందని భయపడ్డాను. అది వీగిపోతే నా ముప్పై ఒకటో పేజీకి విలువ లేదు, భీంబాయికి ఇచ్చిన మాటకు కూడా లేదు.

అప్పుడు మల్లయ్య లేచాడు. జట్టు వైపు కాకుండా నా వైపు తిరిగాడు.

"మేడం, పుస్తకంల కొట్టేస్తం. పంపకంల పేరు పిలువద్దని కానూన్ల ఉన్నదా?"

లేదన్నాను. కుప్పలు పెట్టేటప్పుడు ఎవరి పేరు పిలుస్తారన్నది నా తనిఖీ కిందికి రాదని, పుస్తకంలో సరిగ్గా ఉంటే నాకు చాలని చెప్పాను. సాయిలు మొదట చెయ్యెత్తాడు. తర్వాత అందరూ ఎత్తారు.

పేర్లు కొట్టేయమని రిజిస్టర్ మల్లయ్య ముందు పెడితే ఆయన కలం తీసుకున్నాడు గానీ గీత గీయలేకపోయాడు. చివరికి ఏ జట్టు పేరు ఆ జట్టు ముకద్దం వచ్చి ఎర్ర సిరాతో కొట్టాడు. ప్రతి గీత పక్కన మల్లయ్య సంతకం చేశాడు. ఆ మరుసటి వారం సంఘం రేట్ల చర్చలో కూర్చుంది. మరుసటి ఏడాది చిన్న సంఘం వాళ్లు మా ఆఫీసుకు వచ్చి పెద్ద సంఘం మార్చిన నియమావళి నకలు కావాలని దరఖాస్తు పెట్టారు. ఎందుకని అడిగితే, మాకూ ముగ్గురున్నారు మేడం అన్నారు. నవ్వు ఆపుకుని నకలు రుసుము కట్టించుకున్నాను.

తర్వాత ఎన్నో సంఘాల పుస్తకాలు చూశాను. కొన్నింటిలో నిజంగానే తిన్నవాళ్లు దొరికారు, వాళ్ల పుస్తకాలు ఒక్క ఖాళీ లేకుండా నిండుగా ఉండేవి. లెక్క రాసినవాడి దగ్గర తనిఖీ సగమే అవుతుందని, డబ్బు అందుకోవాల్సిన మనిషి గుమ్మం దాకా పోతేనే మిగతా సగం పూర్తవుతుందని ఈ ఒక్క కేసులో నేర్చుకున్నాను. ఆ గుమ్మం దాకా పోకముందే సంతకం పెట్టకూడదని కూడా నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా కొత్తగా చేరిన అధికారులు నా దగ్గరికి శిక్షణకు వస్తే ముందు ఆ ఫైలే చేతికిచ్చి చదవమనేదాన్ని. తొమ్మిదో పేజీలో మల్లయ్య దొంగ అని ఉంటుంది, ముప్పై ఒకటో పేజీలో కాదని ఉంటుంది. రెండు పేజీల కిందా ఉన్నది నా సంతకమే.